లాభం, రెండు, మూడు

డండీలో నవంబరు. నాలుగింటికే చీకటి.
ల్యాబ్ కిటికీకి ముక్కు ఆనించి
టే నది మీది గాలి లోపలికి రానిమ్మంటోంది.

మొదటి సంవత్సరం, మొదటి సెమిస్టరు,
ముప్ఫై ఏడేళ్లు నాకు.
వడ్లకొండ అని ఇంటిపేరు రాసిస్తే
ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకి మించి పట్టదని
యూనివర్సిటీ కొండ చివర కొరికేసి
వడ్లకొన్ అని లాగిన్ ఇచ్చింది.
వడ్లు కొనేదాన్నట.
సరే, కొంటాను.

ఇవాళ్టి లెక్క చిన్నది.
ఏడు రోజుల వాన, ఏడు గదుల్లో.
కూడి, ఏడుతో భాగించాలి, అంతే.
పక్క సీటు ఫ్రేజర్‌కి పంతొమ్మిదేళ్లు,
చిప్స్ తింటూ ఒంటిచేత్తో ముగించేశాడు.
నాది కంపైల్ అయింది, తప్పని ఒక్క ముక్క అనలేదు.
తీరా చూస్తే ఈ ఊళ్లో సగటున
రోజుకి పన్నెండు కోట్ల మిల్లీమీటర్ల వాన.
ఎంత డండీ అయినా అంత కురవదు.

ఐలీ వచ్చింది, ల్యాబ్‌లో సాయం చేసే పిల్ల,
కొప్పులో పెన్సిలు.
ఒకటి నుంచి ఏడు దాకా నడిచావు నువ్వు, అంది.
గదులేమో సున్నా నుంచి ఆరు దాకానే.
సోమవారం వాన లెక్కలోకే రాలేదు.
ఏడో నంబరు గది నీది కాదు,
అందులో ఎవరిదో పాత సామాను,
దాన్ని కూడా కూడేశావు.
మొదటిదాన్ని ఒకటి అనకు.

ఈ మాట ఎక్కడో విన్నాను.

కల్లంలో.
రాశి ముందు గొంతుక్కూర్చుని మా చిన్నాయన
కుంచం ముంచుతూ
లాభం లాభం లాభం,
గోనెలో గుమ్మరించి మళ్లీ వంగి
రెండు రెండు రెండు.
ఒకటి అనేవాడు కాదు, ఒకటి ఒంటరిది.
ఏడు అనేవాడు కాదు, గింజల ముందు ఏడవకూడదు.
ఆరు. ఆరున్నొకటి. ఎనిమిది.

నవ్వొచ్చింది, గట్టిగానే.
ఏమిటని అడిగింది ఐలీ.
ఇంగ్లీషులో చెప్పబోతే
లాభం వట్టి ప్రాఫిట్ అయి కూర్చుంది,
ఏడు ఏడవడం మానేసింది.
నథింగ్, అన్నాను.

తేడా ఒక్కటేగా, అన్నాడు ఫ్రేజర్,
అందరూ చేసేదే, ఈ తప్పుకి పేరు కూడా ఉంది.
ఉంటుంది నాయనా. మా ఊళ్లోనూ ఉండేది.
ఎన్నిసార్లన్నా లాభం ఒక్క కుంచమే,
కిటుకంతా అక్కడే.
లాభం లాభం అంటుండగానే
రెండో కుంచం గోనెలో పడేది,
నోరు ఇంకా మొదటిదాని దగ్గరే ఉండేది.
ఆ కుంచం ఎవరిదని
షావుకారు బియ్యం వండుకునే మా ఇంట్లో
ఎవరూ అడగలేదు.
ఒక్కటేగా.

ఇస్తారి అని ఒక రైతు
ఒకేడు పక్కనే వచ్చి కూర్చున్నాడు.
పలకలేదు, ఉలకలేదు,
కుంచానికో వేలు ముడుస్తూ పోయాడు.
ఆ పూట చిన్నాయన
గొంతు తగ్గించి కొలిచాడు.

సున్నా దగ్గర మొదలుపెట్టాను.
ఏడు పక్కనున్న సమానం గుర్తు చెరిపేశాను.
మూడు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ వాన.
పైన తెలుగులో ఒక కామెంటు రాశాను,
లాభం నుంచి లెక్క, అని.
వారం తర్వాత అర మార్కు తగ్గి వచ్చింది:
కామెంట్లు అర్థమయ్యేలా రాయవలెను.

ఆ రాత్రి కేర్‌హోమ్‌లో డ్యూటీ.
మిసెస్ గెడిస్ వారం మాత్రల పెట్టె, ఏడు మూతలు.
పడుచుతనమంతా జనుము మిల్లులో
కండెలు లెక్కపెట్టిన మనిషి,
నా లెక్క ఆవిడకి ఓ పట్టాన నమ్మకం కుదరదు.
సోమవారం మూత తీసి, లాభం, అన్నాను.
వినికిడి మిషను సర్దుకుంది.
రెండు, మూడు,
దుప్పటి మీద ఆవిడ వేళ్లు
ఒక్కొక్కటే ముడుచుకుంటున్నాయి.

నేను గొంతు తగ్గించలేదు.