గోడ బయటి లెక్క

లాంతరు పట్టుకున్నది నేను.
అప్పటికి నాకు ఆరేళ్ళు నిండి నెల.
నాన్న చంకలో సబ్బుల పెట్టె,
దాని పక్కన ఎర్రటి అక్షరాల్లో దుకాణం పేరు.
నాకు అప్పుడప్పుడే చదవడం వస్తోంది,
దారంతా ఆ పేరే కూడబలుక్కుంటూ నడిచాను.

పార రాళ్ళకి తగిలి మోగకుండా
నాన్న దానికి గోనెపట్టా చుట్టాడు.
అట్లాంటిక్ మీంచి గాలి, ఉప్పు.
పొద్దు కుంకాక వెళ్ళాలి, పొడవకముందే రావాలి:
కొనమారా పడమటి అంచున
అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనని నియమం.

చర్చి వెనక సమాధుల తోట దాటేశాం.
గేటుకి తాళం లేదు.
అయినా నాన్న అటు చూడలేదు.

పెట్టెలో ఉన్నది నా తమ్ముడు.
మంత్రసాని డెలియా వచ్చేసరికే నీలం తిరిగాడు.
జ్ఞానస్నానం లేదు గనక పేరు లేదు,
పేరు లేదు గనక మట్టి లేదు.
అంటే మట్టి ఉంది,
దీవించిన మట్టి లేదు.

సముద్రం ఒడ్డున ముళ్ళకంపల మధ్య
గొర్రెలు కూడా తొక్కని నేలచెక్క.
అక్కడక్కడా తెల్లటి పలుగురాళ్ళు.
వాటిని లెక్కపెట్టబోతే
నాన్న నా నోరు మూశాడు.
అరచేతికి సబ్బు వాసన.

ఇంటికొచ్చాక అమ్మ ఒక్కటే అడిగింది:
ఎటు చూస్తున్నట్టు పెట్టావు?
తూర్పుకి, అన్నాడు.
లేచేనాడు అందరితోపాటు పొద్దు చూస్తాడు.

ఆ ఆదివారం ఫాదర్ మలాకీ ప్రసంగం నాకింకా గుర్తు.
మనిషి దేవుని స్వరూపమట,
కడుపులో అల్లుకునే పిందెలో కూడా ఆయన ఊపిరేనట,
దాన్ని తూచే త్రాసు ఏ రాజు దగ్గరా లేదట.
గొంతు వణికింది ఆయనకి. అబద్ధం చెప్పలేదు.
నాన్న టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని
తల ఊపుతూ విన్నాడు.
అమ్మ అక్కడ లేదు.
బాలింత. శుద్ధి అయ్యేదాకా లోపలికి రాకూడదు.

మరుసటి వసంతంలో జనాభా లెక్కల మనిషి
సైకిల్ మీద వచ్చాడు.
పిల్లలెంతమంది?
ఎనిమిది, అంది అమ్మ, పిండి చేతులతో.
అతను పొయ్యి దగ్గర, తలుపు వెనక, మంచం కింద
తలలు లెక్కపెట్టాడు.
ఏడుగురే ఉన్నారమ్మా.
ఎనిమిది.
పోయినవాళ్ళని రాయకూడదమ్మా.
పోయినవాళ్ళ గురించి నేనేం చెప్పడం లేదు.
అతను ఏడు వేసుకున్నాడు. టీ తాగాడు. వెళ్ళాడు.

అమ్మ వేదాంతం అంతే.
ఆ విషయం మీద ఇంకో మాట ఎప్పుడూ అనలేదు.
తను పోయేదాకా బంగాళాదుంపలు మాత్రం
ఒకటి ఎక్కువ ఉడకేసేది.
దాన్ని నేనే తినేదాన్ని, సిగ్గు లేకుండా.

ఇప్పుడు నాకు ఎనభై ఒకటి. మోకాళ్ళు నా మాట వినవు.
పైనుంచి ఉత్తరం వచ్చిందట,
ఆ నేలని దీవిస్తారట.
మా విచారణ గురువు నైజీరియా కుర్రాడు,
ఫాదర్ ఒబియోరా,
ఈ చలికి ముక్కు ఎప్పుడూ కారుతూనే ఉంటుంది పాపం.
తీర్థం చెంబు పట్టుకుని వచ్చాడు.
కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాను.

ఇన్నాళ్ళూ ఇది దీవెన లేని నేలా? అన్నాను.
ఎవరి ఊపిరి ఇక్కడ పడుకుందనుకున్నారు?
గోడ కట్టింది మీరు, ఆయన కాదు.
ఆ 'మీరు'లో ఈ పిల్లాడు లేడని నాకు తెలుసు.
ఇంకెవరితో అనను?
తగిన చెవులన్నీ మట్టిలో ఉన్నాయి,
గోడకి లోపల.

అతను చెంబు గడ్డిలో పెట్టాడు.
మోకాళ్ళ మీద కూర్చుని
తెల్లరాళ్ళు లెక్కపెట్టడం మొదలెట్టాడు,
పైకి, తన ఇబో భాషలో,
ఒక్కోదాన్ని వేలితో తాకుతూ,
నాచు కప్పినవాటిని గోటితో గీకుతూ.
నలభై దాటాయో లేదో వాన అందుకుంది.
ఆపలేదు.

మీవాడిది ఏది? అన్నాడు, మధ్యలో తలెత్తి.
తెలీదు, చీకట్లో చూశాను.
అయితే ఒక్కటీ వదలకూడదు, అని
మళ్ళీ వంగాడు.

నేను గొడుగు పట్టాను.
గాలికి అది నిలవలేదు.