కొత్త గడి

మలావీలో, కసుంగు పరిశోధన కేంద్రంలో
తొమ్మిదేళ్లు పెంచాను ఈ వేరుశెనగ రకాన్ని.
ఎకరాకి ఎంత, నూనె ఎంత, తెగులెంత
అన్నీ రాసుకున్నాను.
రైతు పేరు దగ్గర మొగుడి పేరే రాశాను.

ఎనెలెస్ న్యిరెండా ఏమీ అనలేదు.
గుప్పెడు కాయలు నా ఒళ్లో పోసి
"ఒలిచి చూడు" అంది.

పదో కాయకి గోరు లేచింది.
ఇరవయ్యోది పళ్లతో కొరికాను.
ఆమె తన బొటనవేలు చూపించింది,
అరిగిపోయిన పార.
"రాత్రి నీళ్లలో నానేస్తాం, మెత్తబడాలని.
బూజు పడుతుంది.
పిల్లలు అదే తింటారు."

సోమవారం పట్టికలో ఒక గడి గీశాను: ఒలుపు.
డైరెక్టరు కళ్లజోడు సవరించుకున్నాడు.
"దీన్ని దేంతో కొలుస్తావయ్యా?"

జవాబు రాద్దామంటే
పెన్ను పట్టుకోవడానికి
వేలింకా మాట వినడం లేదు.