ఇంటి పేరు గడి

నయీంనగర్‌ల నా జిరాక్స్ దుకాణం.
కరెంటొచ్చినంక మవాహిబ్ వచ్చింది,
పత్తి పురుగుల మీద పరిశోధన చేసే సూడాన్ పిల్ల.
వీసా పొడిగింపు. నాలుగోసారి.

ఫోటోల చెవులు కనవడాలంటది ఫారం.
స్కార్ఫు సర్దుకునేదాక
నన్ను అటు తిరగమన్నది.
గోడ మీది రేట్లు చదువుకుంట నిలవడ్డ:
కలర్ ప్రింటు పది, లామినేషన్ ముప్పై.

కిరాయి ఇంటి కాయితం మీద
ఓనరు రాజకొమురమ్మ సంతకం గావాలె.
"పోలీసు కాయితమంటే చెయ్యి వణుకుతది బిడ్డా"
అని నిన్న పెట్టలేదట, ఇయ్యాల పెట్టిందట.
దాంతోని ఒక డబ్బల సర్వపిండి గూడ పంపింది.

ఇంటి పేరు? అడిగిన.
మాకుండదన్నది.
నాయిన పేరు, తాత పేరు, ఆయన నాయిన పేరు
ఒక్కొక్కటే చెప్పింది, చేద దించినట్టు.
గడి ఖాళీ ఉంటే కంప్యూటర్ ఊకోదు, ఎర్రగైతది.
తాతనే ఇంటి పేరు జేసిన.

శాశ్వత చిరునామా?
వీధి చెప్పింది. నంబరు చెప్పింది.
తలుపు రంగు గూడ చెప్పింది, నేనడగలే.
ఇప్పుడున్నదా అని అడగొద్దనుకున్న,
అడిగిన.
"తలుపున్నదట.
పక్కింటాయన ఫోటో పంపిండు."

టైపు జేసిన. నంబరు రెండుసార్లు సరిచూసిన.
పంపుదామంటే చక్రం తిరిగీ తిరిగీ ఆగింది.
నేను నోరు తెరవకముందే ఆమెనే,
అచ్చం మా హన్మకొండ యాసల:
"సర్వర్ లేదు, రేపు రాండ్రి. గంతే గద?"

ఇద్దరం నవ్వినం.
పైసలొద్దన్న అంటే అబద్ధం,
ఇరవై తీస్కున్న.
సర్వపిండి చెరొక ముక్క తిన్నం.

ఆ సాయంత్రం తీసిన కాపీలన్నిటి మీద,
ఎవరి ఆధారో, ఎవరి పట్టా పాసుబుక్కో,
మూలకు ఒక నూనె మరక.