ఒక పేజీ వెనక్కి

దస్తూరీ బాగుంటదని
నన్ను స్టేషన్ రైటర్ని చేసిండ్రు.
ఇరవై రెండేండ్లు
లాఠీ కన్న పెన్నే ఎక్కువ పట్టిన.
మూసీ ఒడ్డు ఠాణాల
దోమలు, దగ్గులు, అరుపులు
అన్నీ నా బల్ల మీదికెల్లే పోయేవి.
కొన్ని రాసిన.

రాసేటందుకు మాకో భాష ఉన్నది.
అందులో ఎవరూ ఎవరినీ కొట్టరు.
‘స్వల్ప బలప్రయోగం జరిగినది.’
జరిగినది –
వాన పడ్డట్టు, కరెంటు పోయినట్టు.
కర్త లేని వాక్యం
స్టోర్ల ఇచ్చే రెయిన్‌కోటు లెక్క,
ఎవరు తొడిగినా సరిపోతది.

ఆ రాత్రి బిచ్చప్పను తెచ్చిండ్రు.
నారాయణఖేడ్ దిక్కు మనిషి, సెంట్రింగ్ పని.
అడ్డా మీద కూలి పైసల కాడ తగాదా.
గోళ్ల సందుల సిమెంటు.
‘పొద్దుగాల స్లాబున్నది సారూ, ఇడిసిపెట్టుండ్రి’
నాతోనే అన్నడు.
నేను తండ్రి పేరు అడిగిన.
కాలమ్ ఖాళీ ఉండొద్దు గద.

తర్వాత లోపలి గది తలుపు పడ్డది.
వైర్‌లెస్ సెట్టు గొంతు
కొంచెం పెంచిన.
నేను చేసింది అంతే.
అంతే అనుకుంటుంటి.

మూడుం పావుకు
ఎస్సై వచ్చి నా కుర్చీ ఎనక నిలబడ్డడు.
రుమాలుతోని వేళ్ల సందులు తుడుచుకుంట
మెల్లగ చెప్పిండు, రాసిన:
‘బాత్రూములో తడి నేలపై
కాలు జారి పడినందున...’
సున్నాలు కూడ గుండ్రంగ వచ్చినయి.

తెల్లారి మొగులమ్మ వచ్చింది.
బస్సు టికెట్టు ఇంకా పిడికిట్లనే ఉన్నది.
ఏడుస్తదనుకున్న. ఏడ్వలే.
‘ఏ కాలు సారూ?’ అన్నది.
‘ఏ కాలు జారింది?’
ఠాణాల అందరికీ రెండేసి కాళ్లున్నయి.
ఒక్కడు జవాబు చెప్పలే.

కెమెరా అంటరా,
గణేశ్ బందోబస్తు నాటినుంచి దానికి చూపు లేదు.
విచారణకొచ్చిన పెద్దసారు
సగం చాయ్ తాగి
రిజిస్టరు సరిగ్గ ఆ పేజీకే తెరిచి
ముత్యాల లెక్క ఉన్నది రాత, అన్నడు.
ఎస్సైకి బదిలీ అయింది.
దాన్నే శిక్ష అన్నరు.
కొత్త ఠాణా ఆయన ఇంటికి దగ్గర.

నేను రిటైరైన.
పెన్షన్ టైముకొస్తది,
నల్లా దినం ఇడిసి దినం వస్తది.
ఉత్త బిందెల మొదటి నీళ్లు పడ్డ చప్పుడుకు
ఆ పుస్తకం మతికొస్తది.

తొమ్మిదేండ్లకు నాంపల్లి కోర్టుకెల్లి సమన్లు.
మొగులమ్మ ఇంకా
ఆ జారిన కాలు కోసమే తిరుగుతున్నదట.

వకీలు అడుగుతడు: ఈ రాత మీదేనా?
నాదే, అంట.
ఆడికే ఆగుమని
నిన్నటి నుంచి నాలుగు ఫోన్లు.

కానీ సార్, ఒక్క పేజీ వెనక్కి తిప్పుండ్రి.
అదే సిరా, అదే దస్తూరీ,
అదే దినం పొద్దటి పూట
జలమండలికి పంపిన ఫిర్యాదు నకలు:
‘ఠాణాలో మూడు దినములుగా
నీటి చుక్క లేదు.
బాత్రూమునకు తాళము వేయడమైనది.’

వేయడమైనది కాదు సార్.
నేనే వేసిన.
తెల్లారేదాక
తాళంచెవి నా జేబులనే ఉండె.