ఒబ్దులియా కొలతలు

ఒబ్దులియా మగ్బనువా.
మా సమార్ దీవిలో అందరికీ దుల్యా.
నేను ఆమె బండివాణ్ణి,
ఒక్క మోటార్ సైకిలు మీద అయిదుగురిని కుక్కి
కొండదారి ఎక్కించేవాళ్లలో ఒకణ్ణి.
ఆమె ఎక్కితే మాత్రం ఒక్కర్తే.
అయిదుగురి ఛార్జీ ఇస్తుంది,
రసీదు అడుగుతుంది.

బండివాడి దగ్గర రసీదేమిటి?
సిగరెట్ పెట్టె చింపి రాసిచ్చేవాణ్ణి:
బజారు నుంచి నది మలుపు దాకా, రెండు వందల పెసోలు.

ఆమె సంచిలో ఒక బిస్కెట్ డబ్బా,
డబ్బాలో వాళ్లమ్మ కుట్టుమిషను సొరుగులోని టేపు.
పసుపుపచ్చది, అరవై అంగుళాలు,
మొదటి మూడు అంకెలు చెరిగిపోయాయి.
పెళ్లికూతుళ్ల నడుములు కొలిచి తల్లి బతికింది.
అదే టేపుతో కూతురు
ప్రభుత్వాన్ని కొలిచింది.

వరదగోడ, కాగితం మీద, ఎనిమిది వందల మీటర్లు.
ఒడ్డున మేం కొలిచాం.
ఆమె ఒక కొస, నేనొక కొస,
మోకాటి లోతు బురద,
అరవై అంగుళాలు, మళ్లీ అరవై అంగుళాలు,
పొద్దు నడినెత్తికి వచ్చేదాకా.
తొంభై మూడు మీటర్లు.
ఆ తర్వాత గడ్డి. ఒక గేదె.
"గేదెను కూడా రాయనా?" అన్నాను.
"రాయి. ఆ బిల్లులో లేని నిజం అదొక్కటే."

గోడలకు చెవులుంటాయంటారు.
లేని గోడకు ఇంకా ఎక్కువ.
శుక్రవారానికల్లా ఊరంతా పాకింది.

ఇక నా సంగతి చెప్పాలి,
లేకపోతే ఇది కూడా కాకిలెక్కే.
కోడిపందేల బరి దగ్గర ఒకాయన
నా భుజం మీద చెయ్యేశాడు.
మెత్తటి చెయ్యి. రెండు వేల పెసోలు.
"గురువారం ఎటు పోతుంది?"
మా చిన్నదానికి ఆ వారం జ్వరం.
అది సాకు. సాకుల్ని కూడా ఆమె రాసుకునేది,
పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టి.
చెప్పేశాను.

బుధవారం కోడి కూయకముందే
మా వాకిట్లో నిలబడింది.
"ఈ వారం గురువారం ఒకరోజు ముందొచ్చింది, పద."
దారి పొడుగునా మాట లేదు.
ఆ బిస్కెట్ డబ్బా అంచు
నా వీపులో గుచ్చుకుంటూనే ఉంది.
దిగి, ఎప్పటిలాగే అయిదుగురి ఛార్జీ ఇచ్చింది.
రసీదు అడిగింది.
నా చెయ్యి వణికింది.
"తేదీ వెయ్యి, ఒనెసిమో," అంది.
"ఇవాళ్టిదే వెయ్యి."

ఆమె మీద పరువునష్టం కేసులు పదకొండు.
వాయిదాకు వెళ్లినప్పుడల్లా అదే నీలం గౌను,
అరటాకులో చుట్టుకున్న అన్నం, ఎండు చేప.
ఒకసారి ఎవరో ఇంటికి పూలచక్రం పంపారు,
చచ్చినవాళ్లకు పంపేది, రిబ్బను మీద ఆమె పేరు.
పూలు లెక్కపెట్టింది.
కొట్టు వెతుక్కుంటూ వెళ్లి
బిల్లు ఎవరి పేరున ఉందో చూపించమంది.

మేమందరం తూటా వస్తుందనుకున్నాం.
వచ్చింది కిడ్నీ జబ్బు.
తక్లోబన్ ఆసుపత్రిలో, అరవై ఆరేళ్లకు.
చివరి రోజున కూడా నర్సు బీపీ చదివితే
"ఇంకోసారి చూడమ్మా" అందట.

తొమ్మిది రాత్రుల జాగారం.
పేకాట, అల్లం టీ, పక్క వీధి కుక్కలు.
గోడ కట్టిన ఇంజనీరు కూడా వచ్చాడు,
రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు.
ఎవరం ఏమీ అనలేదు.
ఆమె ఉంటే ఎన్ని ముద్దలో చెప్పేది.

డబ్బా నాకిచ్చారు.
మొన్నటి వరద మా ఇంట్లో దిగిపోయాక
గోడ మీద బురద గీత మిగిలింది.
టేపు తీశాను.
చెరిగిన చోట కాదు, నాలుగు దగ్గర మొదలుపెట్టాలి,
చివర్న నాలుగు తీసెయ్యాలి, ఆమె నేర్పిన లెక్క.
యాభై ఒకటి.
చిన్నది మంచం మీద నుంచి అడిగింది,
"ఎవరికి నాన్నా?"
సిగరెట్ పెట్టె చింపాను.
తేదీ ముందు వేశాను.