అడ్డచార

మొఖొట్లాంగ్ కొండల్లో జులై.
ఇక్కడ జులై అంటే నడి చలికాలం,
బకెట్టులో నీళ్ళ మీద మంచు పెంకు కడుతుంది.
ఆ పొద్దున కావాలనే
కంబళి తిప్పి కప్పుకున్నాను
చారలు అడ్డంగా పడేలా.

దారిలో గుర్రమెక్కి ఎదురొచ్చిన ముసలాయన
కళ్ళెం లాగి ఆగాడు. ఏమీ అనలేదు.
దాటిపోయాక కూడా ఆయన చూపు
నా వీపు మీద కాసేపు నడిచింది.

తొమ్మిదో తరగతి, నలభై రెండో పేజీ:
'సామాజిక కట్టుబాటు అనగా
సమూహము ఆమోదించిన ప్రవర్తనా నియమము.'
ఈ వాక్యాన్ని పోయినేడు ముప్పైమంది
పొల్లుపోకుండా అప్పజెప్పారు.
ఒక్కరికీ ఒళ్ళు జలదరించలేదు.

అందుకే ఈ కంబళి.

ముందు వరసలో లిమకత్సో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.
వెనకెవరో కిసుక్కుమన్నారు.
నవ్వు బెంచీ బెంచీ దూకుతూ
గది చివర పొయ్యి దాకా పోయింది.
త్సెలిసో ఇక ఉండబట్టలేక లేచాడు
(వాళ్ళమ్మ మంత్రసాని, ఇలాంటివి వాడికి పట్టింపు):
"మేడమ్, చార నిలువుగా ఉండాలి.
అడ్డంగా ఉంటే మనిషి ఎదగదు."

"నాకు నలభై ఏడు. ఇంకెంత ఎదగమంటావు?"

గది గొల్లున నవ్వింది.
"ఇప్పుడు మీ వేళ్ళు దురద పెట్టాయే
నా భుజం మీద దీన్ని సర్దేద్దామని,
అదీ కట్టుబాటు.
నలభై రెండో పేజీ మూసేయండి."

"ఎవరు పెట్టారు మేడమ్ ఈ నియమం?"

మా అమ్మమ్మ చెప్పేది, నిజమో కాదో నాకూ తెలీదు.
సముద్రాల అవతల ఏదో మిల్లులో
మగ్గం పొరబడి గీత పడిందట.
పారేయాల్సిన సరుకు ఓడెక్కి ఇటొచ్చిందట.
మనవాళ్ళు ఆ పొరపాటును నిలబెట్టి
ఎదుగుదల అని పేరు పెట్టుకున్నారట.

"అయితే ఇది మనది కాదా?"
లిమకత్సో గొంతులో కోపం.
"పుట్టినప్పుడు నిన్ను దేంట్లో చుట్టారు?"
"దీంట్లోనే."
"మీ తాతని, పోయినప్పుడు?"
పిల్ల మాట్లాడలేదు.
కంబళి అంచు మాత్రం గట్టిగా పట్టుకుంది.

బాగా కుదిరింది పాఠం, అనుకున్నాను.
సుద్దముక్క తీసుకుని
'సంప్రదాయం' అని సగం రాశానో లేదో
కిటికీ పక్కన ఖౌహెలో చెయ్యెత్తాడు.

అందరూ నవ్వినప్పుడు వీడు నవ్వలేదని
అప్పుడు తట్టింది నాకు.
వాడి భుజాల మీద బూడిదరంగు దుప్పటి,
మంచు తుపాను ఏడు సహాయ లారీ వాళ్ళు పంచినది.
మూల మీద నీలం ముద్ర.
చార లేదు.

"మేడమ్, నాది ఎటు కప్పుకుంటే తప్పవుతుంది?"

వెటకారం కాదు.
పాఠం అర్థమయిందో లేదో
సరిచూసుకుంటున్నాడు, అంతే.

పొయ్యిలో పిడక చిటపటలాడింది.
నా చేతిలో సుద్దముక్క,
బోర్డు మీద సగం మాట,
భుజాన నాలుగు అడ్డచారలు.
పేజీ తిప్పాను. అక్కడ గుర్రాల బొమ్మ ఉంది.

గంట కొట్టారు.
"అది వచ్చే పాఠం" అన్నాను.
వాడు బుద్ధిగా తలూపి
నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

వచ్చే పాఠం నదులు.
సెంకు నది పుట్టుక,
ఉపనదులు, నిడివి.