పిడి మీద 'వ'

అలమరలో కాగితాలు మారుస్తా ఉంటే దొరికింది
టైపు ఇన్‌స్టిట్యూట్ ఫీజు కార్డు.
ఎనభై మూడు, జూలై. పదిహేను రూపాయలు ముట్టినవి.
వెనకవైపు పెన్సిల్‌తో నాలుగంకెల ఫోన్ నంబరు,
పక్కన పి.పి., సంతపేట పిండిమిల్లు,
కింద చిన్నగా, దిల్లు.

మేమిద్దరం ఒకే మిషన్ మీద నేర్చుకున్నాం.
ఆమెది ఆరు గంటల బ్యాచి, నాది ఏడు.
ఆమె లేచినాక నేను కూర్చుంటే
స్టూలు ఇంకా వెచ్చగా ఉండేది.

ఆ మిషన్‌లో ఎల్ అక్షరం పడదు.
దిల్షాద్‌లో ఒక ఎల్. వళ్ళియమ్మలో రెండు.
నా నష్టం ఎక్కువ.
మాస్టరు నూనె పోసినాడు, సూదితో పొడిచినాడు, తిట్టినాడు.
ఎల్ పడలా.
ఆమే పెన్నుతో ఆ చిల్లులు పూడ్చేది,
తనవి ముందు కాదు, నావి.

లోయరు పాసయినాం. పెండ్లిండ్లయినాయి. అంతే.

పిండిమిల్లు ఇంకా ఉండాది. కొడుకు నడుపుతా ఉన్నాడు,
కనురెప్పల మీద కూడా రాగిపిండి.
"దిల్షాదా... ఓ, మైకక్కా?
ఈ సందులో మూడో ఇల్లు, పచ్చ గేటు."
మైకక్క ఏందో అడగకుండానే నడిచినా.

తలుపు తీసి నన్ను కిందికీ మీదికీ చూసింది.
"కూర్చో, టీ పెడతా" అనేసి లోపలికి పోయింది.
నలభై ఏండ్ల తర్వాత ఇదా మాట, అనుకుంటా ఉన్నా.
వంటింట్లోంచి ఇంకోసారి:
"చక్కెర ఎంతా?"

ఆ సాగదీసిన 'ఎంతా' దగ్గర
నా చేతిలో సంచి జారింది.

కల్లూరు ఆస్పత్రిలో ఓపీ చీటీలు రాసిన పదకొండేండ్లు
పొద్దున ఏడుంబావుకు చిత్తూరు బస్టాండులో
ఫినాయిల్ వాసనకూ వేరుశెనగల వాసనకూ నడుమ నిలబడి
నేను విన్న గొంతు అది.
"కల్లూరు మీదుగా పీలేరు పోవు బస్సు
మూడో నంబరు ప్లాట్‌ఫాం మీదా..."
గొంతు బొంగురు పోతే, పాపం జలుబేమో అనుకునేదాన్ని.
రెండు దినాలు వినపడకుంటే దిగులుపడేదాన్ని,
ఎవరి కోసమో తెలియకుండానే.

మే దిల్లూ,
పదకొండేండ్లు నన్ను బస్సెక్కించింది నువ్వేనామే!

నాయన పోయినాక ఆయన ఉద్యోగం ఇచ్చినారంట.
కంట్రోలరు గది కిటికీలోంచి
బస్సుల ముక్కులు కనపడతాయి గానీ మనుషులు కనపడరంట.
"తెలిసుంటే పేరు పెట్టి పిలిచేదాన్ని కదే,
ఎల్ కూడా మింగకుండా."

యాదృచ్ఛికం అనే మాటకు నాకు నోరు తిరగదు.
మా అమ్మయితే, దొరకాల్సింది దొరికిందని
ఆకూవక్కా నమిలేది. నాకు ఆ ధీమా లేదు.
ఆ పొద్దు అలమర సర్దకుంటే
ఆ గొంతు మైకులోనే ఉండిపోయేది,
అన్నేండ్ల బస్సులూ వట్టి బస్సులు.

వాన పట్టుకుంది. లేస్తే, "తడుస్తావు ఉండు" అని
తలుపు వెనక నుంచి గొడుగు తీసింది.
నీలంది. ఒక పుల్ల వంగింది.
పిడి మీద, గోళ్ల రంగుతో, వ.

పీలేరు బస్సులో ఎవరో మరిచిపోయినారంట.
ఆరేండ్లు గదిలో మూలన పెట్టి, ఎవరూ రాకపోతే
రిటైరయిననాడు ఇంటికి తెచ్చిందంట.
"వ అంటే వాన అనుకుంటిని మే."

ఇంక చూడండి. ఆమె గోడను పట్టుకుంది, నేను ఆమెను.
పక్కింటి పిల్ల వచ్చి,
ఎవరన్నా పోయినారేమోనని తొంగి చూసి
నవ్వని తెలిసి మెల్లగా పోయింది.

గొడుగు నీదంటే నీదని వాదులాడుకునే లోపల
రెండో టీ అయింది, వాన వెలిసింది.
గెలిచింది నేనే. గొడుగు నాదే.
ఇంటికొచ్చి తాళం తీస్తా చూసుకుంటే
చేతిలో తాళంచెవి తప్ప ఏమీ లేదు.

ఫోను మోగింది.
"ప్రయాణికులకు మనవీ..."